నిన్నటి పేపరు

వన్‌టౌన్‌లోని ఆ శాఖా గ్రంథాలయానికి పుస్తకాల కోసం వచ్చేవాళ్ళు తక్కువ, మిగతా అన్నింటి కోసం వచ్చేవాళ్ళు ఎక్కువ. ఆధార్‌కు ఫోన్ నంబరు కలుపుతారా అని ఒకరు, జెరాక్స్ తీస్తారా అని ఒకరు, చార్జింగ్ ఎక్కడ పెట్టుకోవాలని ఒకరు, బాత్రూము తాళం ఎవరి దగ్గరుందని ఇంకొకరు. వచ్చిన ప్రతివాళ్ళూ ముందు లైబ్రేరియన్ మధులత బల్ల దగ్గర ఆగుతారు. ఆగి, గోడ మీద ఇంతింత అక్షరాలతో రాసి ఉన్నదాన్నే ఆమెను అడుగుతారు.

"మేడమ్, రేపు శుక్రవారం తీస్తారేటి?"

"బోర్డు మీదేటి రాసుంది?"

"సెలవని రాసుంది."

"మరి?"

"తీస్తారేమోనని..."

ఇలాంటి మనుషులకు రోజంతా జవాబు చెప్పి చూడండి, అప్పుడు మధులతకు కోపం ఎక్కువని మాట్లాడుదురు గాని. ఆమెది భీమిలి. పొద్దున్నే బస్సెక్కి వస్తుంది. లైబ్రరీ పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తీస్తారు కాబట్టి మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి రావడం కుదరదు. తలుపులు దగ్గరగా వేసుకుని, అలమరాల మధ్య కూర్చుని డబ్బాలో తెచ్చుకున్న అన్నం తింటుంది. ఆ కాసేపు తప్ప మిగతా రోజంతా ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. హాల్లో గట్టిగా మాట్లాడకూడదన్న నియమం ఆమెకూ ఉంది కనుక గుసగుసగా తిట్టడం నేర్చుకుంది. అందులో ఆరితేరింది కూడా.

అసలు యుద్ధం పేపరు దగ్గర. పేపరు రాగానే ఏ షీటుకు ఆ షీటు విడిపోతుంది. జిల్లా పేజీ కోసం పెద్దవాళ్ళు, ఉద్యోగాల పేజీ కోసం పరీక్షలకు చదివే పిల్లలు జుట్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఆ పిల్లల్లో ధనశ్రీ అని ఒకమ్మాయి ఉంది. గ్రూప్స్‌కు చదువుతోంది. అందరికంటే ముందొచ్చి కిటికీ పక్క కుర్చీలో నీళ్ళ సీసా పెడుతుంది. ఆ సీసాను జరిపినవాడి పని అయిపోయినట్టే. ఫ్యాను ఎక్కువైందని ఒకడు, తక్కువైందని ఒకడు, ధనశ్రీ సీసా గొడవ ఒకటి. "నిశ్శబ్దం పాటించండి" అన్న బోర్డు ఇవన్నీ చూస్తూ గోడకు వేలాడుతూ ఉండేది.

వీటన్నిటికీ మించిన తలనొప్పి సన్యాసిరాజు. ఆటోనగర్‌లో ట్యాంకర్లకు రేకులు కొట్టి కొట్టి, వయసు మీదపడేసరికి చెవులు పోయాయి. చెవుడున్నవాళ్ళకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. ఆయన పేపరు పైకి చదివేవాడు. మొదటి వార్త మెల్లగా మొదలయ్యేది. రెండో వార్త పక్క బల్లకు వినబడేది. మూడోది గేటు బయట కొబ్బరిబొండాల బండి దాకా వెళ్ళేది. మళ్ళీ ఉన్నట్టుండి గొంతు తగ్గేది, కాసేపటికి మళ్ళీ లేచేది. ఎందుకు తగ్గుతోందో ఎవరూ పట్టించుకోలేదు. పెరగడమే అందరికీ లెక్క.

ఆయన పక్క కుర్చీ కరీం బాషాది. పోర్టు కళాసీలకు యూనిఫారాలు కుట్టిన దర్జీ. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, ముఖం మీద ఎప్పుడూ ఒక ప్రశాంతత. ఆయన వల్ల చప్పుడంటూ లేదు. కానీ చేతిలో పేపరు పట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. "ఇక్కడ నిద్రించరాదు" అనే బోర్డు సరిగ్గా ఆయన నెత్తి మీదే ఉండేది. ఇంకో వింత, ఆయన చేతిలో ఉండేది నిన్నటి పేపరు. ఇవాళ్టిదాని కోసం కొట్టుకు చచ్చే హాల్లో నిన్నటిది పట్టుకున్న మనిషి జోలికి ఎవరు పోతారు? ఆయన మానాన ఆయన్ను వదిలేసేవారు.

వేసవి మొదలయ్యే రోజుల్లో ఒక ఉదయం తనిఖీకి పై అధికారి వచ్చాడు. ఆయన గుమ్మంలో అడుగుపెట్టేసరికి సన్యాసిరాజు మూడో వార్తలో ఉన్నాడు. చేపల రేవులో ఐసు కొరత గురించి హాలు దద్దరిల్లిపోతోంది. పక్కన బాషా కళ్ళు మూసుకుని ఉన్నాడు. ధనశ్రీ చెవుల్లో వేళ్ళు పెట్టుకుని చదువుకుంటోంది. అధికారి మధులతను అందరి ముందూ నిలబెట్టి, "ఇది లైబ్రరీయా, సంతా? ఒకాయన అరుస్తాడు, ఒకాయన పడుకుంటాడు. ఆ పెద్దాయనకు నిద్దట్లో ఏదైనా అయితే ఎవరిది బాధ్యత?" అన్నాడు. అని, పుస్తకాల వైపు ఒక్కసారైనా చూడకుండా కారెక్కి వెళ్ళిపోయాడు.

అధికారిని ఏమనగలదు? అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు ఆమె నేరుగా ముసలివాళ్ళ దగ్గరకు వచ్చింది. సన్యాసిరాజు ముందున్న పేపరు మీద వేలు పెట్టి, పెదాల మీద వేలు పెట్టి, "మనసులో సదూకోండి" అని సైగ చేసింది. ఆయన చుట్టూ చూశాడు. అందరూ తననే చూస్తున్నారు. ముఖం ఎర్రబడింది. నోరు మూసుకున్నాడు.

తర్వాత బాషా బల్ల మీద స్కేలుతో టకటకమని కొట్టింది. ఆయన ఉలిక్కిపడ్డాడు.

"పడుకోడానికి ఇల్లు లేదేటండీ?"

"పడుకోలేదమ్మా. ఇంటన్నాను."

"ఇక్కడ ఇనడానికి ఏటుంది? ఇది సదూకునీ చోటు."

అప్పటికైనా ఆ "ఇంటన్నాను" అన్న మాటను ఆమె ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఎంత బాగుండేది. ఆలోచించలేదు. బల్ల దగ్గరకు వెళ్ళి, సభ్యత్వం తీసుకున్నప్పుడు ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసింది. పూర్ణా మార్కెట్లో ఫ్యాన్సీ షాపు నడిపే ఆయన కొడుకు ఆరిఫ్ ఎత్తాడు.

"మీ నాన్నగారు రోజూ ఇక్కడికొచ్చి పడుకుంటన్నారండీ. ఇవాల్టి పేపరు ఇచ్చినా తీసుకోరు, నిన్నటిదే పట్టుకుని కూకుంటారు. మతిమరుపేమో ఒకసారి డాక్టరుకి సూపించండి. ఏదైనా అయితే నా మీదకొస్తాది."

"అలగేటి మేడమ్? మాకు తెలీదే. సరే, నాను సూసుకుంటాను," అన్నాడతను.

మర్నాటి నుంచి బాషా రాలేదు. సన్యాసిరాజు వచ్చాడు గాని నోరు విప్పలేదు. పెదాలు మాత్రం కదిలేవి. మధులతకు ప్రాణం హాయిగా ఉంది. ఈ పని ఎప్పుడో చేయాల్సిందని కూడా అనుకుంది.

సన్యాసిరాజు రోజూ వచ్చి పక్క కుర్చీలో తన తువ్వాలు పరిచేవాడు. ఎవరైనా కూర్చోబోతే తల అడ్డంగా ఊపేవాడు. బస్సు సీటుకు తువ్వాలు వేయడం మనవాళ్ళకు పుట్టుకతో వచ్చిన విద్యే గాని, మనిషి రాని సీటును ఎన్ని రోజులు కాపలా కాస్తారు? పరీక్షలు దగ్గరపడి కుర్చీలు చాలక ధనశ్రీ ఫిర్యాదు చేసింది. "ఊరికే ఖాళీగా ఉంచేస్తున్నారు మేడమ్." ఎవరి సీసా ఎవరి కుర్చీలో ఉందో అడగాలనిపించినా అడగకుండా మధులత లేచి వెళ్ళింది. తువ్వాలు తీయబోయింది. సన్యాసిరాజు ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"మా బావొస్తాడమ్మా. ఒంట్లో బాలేదు గావాల."

బావ అంటే బాషా అని అర్థం కావడానికి ఆమెకు కాసేపు పట్టింది. రారు అన్నట్టు చెయ్యి ఊపింది. ఆయనకు అర్థం కాలేదు. ఇక తప్పక, ఆ హాల్లో తొలిసారి గొంతెత్తి అరిచింది. "రారు! ఆళ్ళబ్బాయికి ఫోన్ చేసీసినాను!"

"ఫోనా? ఏటని?"

"ఇక్కడ పడుకుంటన్నారని!"

సన్యాసిరాజు ఆమె చెయ్యి వదిలేశాడు. ఆమె ముఖంలోకి వింతగా చూశాడు.

"ఆడు పడుకోడమ్మా. ఆడికి కళ్ళు లేవు. నాకు సెవుల్లేవు. ఇద్దరం కలిసి ఒక పేపరు సదూతన్నాం. నాను సదూతాను, ఆడు ఇంటాడు. నా గొంతు లెగిస్తే నా సేతి మీద తడతాడు, తగ్గిస్తాను. రోడ్డు కూడా అలగే దాటతాం. హారన్ ఆడికి ఇనబడతాది, లారీ నాకు కనబడతాది. ఎవులికీ సెప్పొద్దన్నాడమ్మా. ఒట్టేయించుకున్నాడు. ఇంట్లో తెలిస్తే బయటికి పంపరని."

ఒట్టు వేసి దాచిన మాట అది. చెవిటి గొంతుతో చెప్పేసరికి హాలంతా విన్నది, గేటు బయట బొండాలతను కూడా విన్నాడు. మెల్లగా చెప్పడం ఆయన చేతిలో లేని పని. గొంతు పెరిగిందని చేతి మీద తట్టేవాడు పక్కన లేడు. ఆ సంగతి ఆయనకు తెలియదు. చెప్పవలసింది ఆ అమ్మకొక్కదానికే చెప్పాననుకున్నాడు.

ధనశ్రీ కిటికీ పక్కకు వెళ్ళి తలవంచుకుని కూర్చుంది. మధులత తువ్వాలును మళ్ళీ కుర్చీలో సరిగ్గా పరిచి తన బల్ల దగ్గరకు వచ్చింది. స్కేలు అక్కడే ఉంది. దాన్ని సొరుగులో పడేసింది. ఆ సాయంత్రం భీమిలి బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా సముద్రం వైపు చూడలేదు. "ఇక్కడ ఇనడానికి ఏటుంది" అని తాను అన్న మాట పదేపదే చెవిలో పడుతోంది. ఇన్నేళ్ళు మనుషులు బోర్డు చదవరని తిట్టుకుంది. కళ్ళ ముందు కూర్చున్న మనిషిని తాను చదవలేకపోయింది.

శుక్రవారం సెలవు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే గాని, పట్టుకోకుండా ఉండలేక బాషా ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. ఎండుచేపల కొట్ల వెనక సందులో మేడ మీద రెండు గదులు. నమాజుకు వెళ్ళొచ్చిన ఆరిఫ్ ఇంట్లోనే ఉన్నాడు. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు.

"మీరు దేవుడిలాగ ఫోన్ చేసినారు మేడమ్. నిన్నటి పేపరన్నారు కదా, నాకు అనుమానమొచ్చి ఒక కాయితం ఇచ్చి సదవమన్నాను. ఒక్క అక్షరం కనబడట్లేదు. మసగ్గా ఉందంటే అద్దాలు మార్పించినాం గాని ఇంతలాగ పోయిందనుకోలేదు. కంటి నరం ఎండిపోయిందంట. ఇంక రాదన్నారు. గట్టిగా అడిగితే అప్పుడు సెప్పినాడు. ఒక సెవిటాయన, ఒక గుడ్డాయన కలిసి పోర్టు రోడ్డు దాటతన్నారంట, ఇంటేనే గుండె ఆగిపోతంది. మీ రుణం ఎలగ తీర్చుకుంటాం?"

తిట్టినా బాగుండేది. కోడలు రజియా చల్లటి షర్బత్ తెచ్చి ఇచ్చింది. మధులత గ్లాసు పట్టుకుని కూర్చుంది. ఆ కుర్రాడు అన్నదాంట్లో తప్పేముంది? తండ్రి లారీ కింద పడకూడదనే కొడుకు కోరుకుంటాడు. తప్పు చేసిన మనిషికి దండ వేస్తున్నాడని అతనికి తెలియదు, అంతే.

బాషా లోపలి గదిలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా లేదు, లుంగీ, బనీను. ఆమె గొంతు విని బనీను సర్దుకున్నాడు.

"లైబ్రరీ మేడమా? కూకోండి."

"బాషా గారూ, నాకు తెలీలేదండీ. ఆ రోజు స్కేలుతో... నాను అలగ అనకుండా ఉండాల్సింది. తప్పైపోయింది."

"మీదేటి తప్పు? పడుకోకూడదని రాసుంది కదా అక్కడ."

"మీకు రోజూ ఇంటికొచ్చి పేపరు సదివి ఎల్తాను. సాయంత్రం తీసేలోపల ఖాళీయే కదా."

ఆయన నవ్వాడు. "పేపరుకేటమ్మా, టీవీలో వార్తలన్నీ వస్తన్నాయి. దానికోసం కాదు నాను వచ్చింది." గొంతు తగ్గించాడు. "ఇంట్లో ఇప్పుడు నాను గుడ్డోణ్ణి. మంచినీళ్ళు సేతికిస్తన్నారు. గుమ్మం దగ్గర సెయ్యి పట్టుకుంటన్నారు. మీ లైబ్రరీలో అలగ కాదు. నిన్నటి పేపరు సదివీ ఒక ముసలోణ్ణి. నా ఎదర మనుషులు కొట్టుకునీవోళ్ళు, ఫ్యాను కోసం తగువులాడీవోళ్ళు. మీరు కూడా అందర్నీ తిట్టినట్టే నన్నూ తిట్టినారు. అది బాగుండీది."

అప్పుడు ఆయన తల ఆమె వైపు తిప్పి అడిగాడు.

"అక్కడ ఎవులికీ తెలీదు కదమ్మా?"

సన్యాసిరాజు గొంతు ఆమె చెవిలో మోగింది. హాలంతా తల ఎత్తి చూడడం కళ్ళ ముందు కదిలింది. నిజం చెప్పాలి. చెప్పడానికే నోరు తెరిచింది. ఆ ముఖంలోని ఆశ చూసి నోరు మరో మాట అనేసింది.

"తెలీదండీ. ఎవులికీ తెలీదు."

"అయితే సాలు," అన్నాడాయన. ముఖం విప్పారింది.

తండ్రిని మళ్ళీ పంపమని ఆమె ఆరిఫ్‌ను బతిమాలింది. లైబ్రరీలో తాను కనిపెట్టుకుని ఉంటానంది. ఒంటరిగా రోడ్డు దాటకుండా, షాపు తెరిచేముందు స్కూటరు మీద దింపి, మళ్ళీ తీసుకెళ్తే చాలంది. తమను కాపాడిన మేడమే అడుగుతుంటే అతను కాదనలేకపోయాడు. "గేటు బయటే దించీరా. లోపలికి నాను పోగలను," అని లోపలి నుంచి తండ్రి కేకేశాడు.

శనివారం మధులత ముందు బస్సుకే వచ్చింది. వచ్చినవాళ్ళకు వచ్చినట్టే చెప్పింది. "ఆయన ఇవాళ వస్తన్నారు. ఎవులూ ఏటీ అనకండి. లేసి సాయం సెయ్యొద్దు. ఎప్పట్లాగే ఉండండి, మీకు దణ్ణం పెడతాను." అందరూ బుద్ధిగా తలలూపారు. ధనశ్రీ కళ్ళు తుడుచుకుంది. సన్యాసిరాజుకు మధులత ఒక కాగితం మీద రాసి చూపించింది. "మీరు పైకే చదవండి." ఆయన ఆనందంగా తువ్వాలు దులిపాడు.

బాషా గేటు దగ్గర దిగాడు. ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. గోడ మీద వేళ్ళు ఆనీ ఆననట్టు పెట్టుకుంటూ మెట్లెక్కాడు, గుమ్మం దాటాడు, తన కుర్చీ దాకా నడిచాడు. మధులత ఏమీ అనకుండా నిన్నటి పేపరు బల్ల అంచున పెట్టి వెళ్ళిపోయింది. ఆయన చెయ్యి దాన్ని వెతికి పట్టుకుంది. పక్క నుంచి సన్యాసిరాజు భుజం ఆనించాడు. బాషా ఆ భుజాన్ని గట్టిగా ఒకసారి నొక్కాడు. అంతా బాగానే జరుగుతోందని మధులత ఊపిరి పీల్చుకుంది.

సన్యాసిరాజు చదవడం మొదలుపెట్టాడు. మొదటి వార్త అయింది. రెండో వార్తలో గొంతు లేచింది. బాషా ఆయన చేతి మీద తట్టాడు. తట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. తల కొంచెం పక్కకు వంచి వింటున్నాడు.

హాల్లో చీమ చిటుక్కుమంటే వినబడేట్టు ఉంది. కుర్చీ లాగిన చప్పుడు లేదు. ఫ్యాను పెంచమని ఎవరూ అనలేదు. పేజీ తిప్పితే చప్పుడవుతుందేమోనని తిప్పడం కూడా మానేశారు. ఇన్నేళ్ళుగా మధులత తిట్టినా, దణ్ణం పెట్టినా, బోర్డు మీద బోర్డు తగిలించినా పాటించని నిశ్శబ్దాన్ని ఆ రోజు అందరూ జాలితో, భయభక్తులతో పాటిస్తున్నారు. ఎప్పట్లాగే ఉండండి అంటే ఎలా ఉండాలో వాళ్ళకు తెలియలేదు. ఏదో ఒకటి అనమని, ఎవరైనా ఒక్కసారి తగువు పెట్టుకోమని ఆమె ఒక్కొక్కరి ముఖంలోకీ చూసింది. ఎవరూ ఆమె వైపు చూడటం లేదు. అందరూ బాషా వైపే చూస్తున్నారు.

"అమ్మా," అని పిలిచాడు బాషా.

ఆమె వెళ్ళి పక్కన నిలబడింది.

"ఈ రోజు ఎవులూ రాలేదేటి?"

"వచ్చినారండీ. అందరూ ఉన్నారు."

"మరి జిల్లా పేజీకి ఎవులూ కొట్టుకోట్లేదేటమ్మా?"

పక్కన సన్యాసిరాజు ఏమీ తెలియక మూడో వార్త బిగ్గరగా చదువుతున్నాడు. బాషా చేతిలోని నిన్నటి పేపరును బట్ట మడిచినంత జాగ్రత్తగా మడిచి, ఆమె చేతికి ఇచ్చేశాడు.